నోరులేని లక్ష్మి

మా కొత్త ఫ్లాటు గృహప్రవేశానికి మా ఆడపడుచు వచ్చింది. చీర, పసుపు కుంకుమలు, పళ్ళు అన్నీ పళ్ళెంలో పెట్టి ఇచ్చాక, చేతిసంచీలోంచి స్వీటు డబ్బా ఒకటి బయటికి తీసి, "ఇది మాత్రం నీ చేత్తోనే అందుకోవాలి" అంది. మైసూరుపాకు కాబోలనుకున్నాను. మూత తీశాను. మైసూరుపాకు కదిలింది!

కెవ్వుమన్నాను. డబ్బా చేజారకపోవడం నా అదృష్టమో, దాని అదృష్టమో. లోపల దూది పరిచి, ఆ దూదిలో నిమ్మకాయంత తాబేలు పిల్ల. నల్లటి డిప్ప. దాని మీద ఎవరో తీరిగ్గా కూర్చుని పసుపురంగు ముగ్గు పెట్టినట్టు గీతలు.

"అరవకే పిచ్చిదానా! లక్ష్మిని చూసి అరుస్తారుటే ఎవరైనా?" అని కసిరింది మా వదిన. హాల్లో ఉత్తరం దిక్కున పెట్టుకోమంది. వాళ్ళ ఎదురింటివాళ్ళు అలా పెట్టుకున్న ఏడాదికే వాళ్ళబ్బాయికి అమెరికా వీసా వచ్చిందట. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల కంప్యూటరు కోర్సుల్లో చేరిన పిల్లలు ఏళ్ళ తరబడి వీసాలు తెచ్చుకుంటూనే వున్నారు కదా, వాళ్ళందరి ఇళ్ళలోనూ తాబేళ్ళున్నాయా అని నా నోటి చివరిదాకా వచ్చింది. శుభమా అని గృహప్రవేశం. మింగేశాను.

మావారు ఫొటో తీశారు. మా అమ్మాయి "ఎంత ముద్దుగా వుందో!" అని గంతులేసింది. పురోహితులవారు కూర్మావతారం, సర్వశుభం అన్నారు. ఇంతమంది ఇన్ని రకాలుగా ఆనందిస్తున్న చోట, నేనొక్కదాన్నే "దీనికి తిండి ఎవరు పెడతారు?" అని అడిగాను. అందరూ ఒక్కసారి నా వంక చూశారు. అదే సమాధానం.

ఈ సంగతంతా ఇప్పుడెందుకు తవ్వుతున్నానంటే, ఈమధ్య నన్ను కనీసం అరడజనుమంది "తాబేలు పిల్లని ఇంట్లో పెంచడం ఎలాగండీ? మీరు పెంచారటగా" అని అడిగారు. గులాబీ అంటు ఎలా కట్టాలని అడిగినంత తేలిగ్గా అడిగారు. నేను చెప్పే జవాబు వాళ్ళకి రుచించదని తెలుసు. అయినా చెబుతాను. ఫ్లాట్లో తాబేలు పిల్లని పెంచే సరైన పద్ధతి నాకు తెలిసి ఒక్కటే వుంది. పెంచకపోవడం.

"ఏం, మేం ప్రేమగా చూసుకోమా?" అంటారు. నేనూ ప్రేమగానే చూసుకున్నాను తల్లీ! ఆ ప్రేమ భాగోతం వినండి.

మొదటిరోజే దాన్ని చంపబోయాను. తాబేలంటే నీళ్ళలో వుండేదని కదా మన చదువు! గాజు తొట్టిలో జానెడు నీళ్ళు పోసి, రంగురాళ్ళు పరిచి, దాన్ని అందులో వదిలాను. అది కాళ్ళు తపతపా కొట్టుకుంటూ వుంటే, "ఈదుతోంది, ఈదుతోంది" అని చప్పట్లు. ఇంతలో నీళ్ళ మోటారు సంగతేదో చెప్పడానికి వచ్చిన మా వాచ్‌మన్ గుమ్మంలోంచి చూశాడు. "అమ్మా, తీయండమ్మా దాన్ని! అది మెట్ట తాబేలు. మునిగి సస్తాది" అని గాభరాపడిపోయాడు. అతనిది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం దగ్గర పల్లె. "మా పక్క గుట్టల్లో తిరిగేదే గదమ్మా ఇది. తొలకరి పడితే సాలు, సేనిగట్ల మీదికొస్తాది. నీళ్ళల్లో బతికేది వేరే" అన్నాడు.

బి.ఏ. చదివాను. నవలలు రాశాను. మెట్ట తాబేలుకీ నీటి తాబేలుకీ తేడా తెలీదు.

దాని పేరు నక్షత్ర తాబేలు. అనంతపురం, చిత్తూరు జిల్లాల్లోని ముళ్ళపొదలూ, ఎండుగడ్డీ వుండే మెట్ట నేలలు దాని పుట్టిల్లు. కర్ణాటకలో, తమిళనాడులో, అటు గుజరాత్, రాజస్థాన్‌లలో, ఇటు శ్రీలంకలో కూడా వుంటుంది. మనం చూసి మురిసిపోయే ఆ పసుపు గీతలున్నాయే, అవి అందానికి పుట్టినవి కావు. ఎండుగడ్డి నీడల్లో పడుకుంటే నక్కకీ గద్దకీ కనపడకుండా కలిసిపోవడానికి పుట్టినవి. ఎవరికంటా పడకూడదని దేవుడు పెట్టిన ముగ్గుని, నలుగురూ చూడాలని మనం షోకేసులో పెట్టుకుంటున్నాం.

ఇక తిండి. మా అత్తగారు పెరుగన్నం మెతుకులు పెట్టారు. శ్రావణ శుక్రవారం పరమాన్నం కూడా పెట్టబోయారు గాని, నేను అడ్డుపడ్డాను. నేను మాత్రం తక్కువ తిన్నానా! పాలకూర ఆరోగ్యమని రోజూ పాలకూర, చలవని కీరాదోసకాయ, రంగు బావుందని టమాటా. తర్వాత తెలిసింది, పాలకూరలో వుండే ఆమ్లం ఆ కాస్త సున్నాన్నీ ఒంటికి పట్టనివ్వదనీ, కీరాదోసకాయలో నీళ్ళు తప్ప దానికి పనికొచ్చేది ఏమీ లేదనీ, అన్నం, పాలు, రొట్టె దాని పొట్ట అరిగించుకోలేదనీ. దానికి కావలసింది గరిక, రకరకాల పిచ్చిగడ్డి, మందారాకులు, మందారపువ్వులు, ముళ్ళు తీసిన నాగజెముడు. అంటే మన ఫ్రిజ్‌లో వుండనివన్నీ. గరిక వినాయకచవితికి అమీర్‌పేట మార్కెట్లో కట్టలు కట్టలు దొరుకుతుంది. మిగతా మూడొందల అరవై నాలుగు రోజులూ? పొద్దున్నే ఆరింటికి జలగం వెంగళరావు పార్కుకి వెళ్ళి, నడకకి వచ్చిన పెద్దమనుషుల మధ్య వంగి వంగి గరిక ఏరుకొచ్చాను. "ఏం నోమండీ?" అని ఒకావిడ అడిగింది కూడా. నోమే! ఉద్యాపన లేని నోము.

ఎండ సంగతి ఇంకా అన్యాయం. మాది ద్వారకాపురి కాలనీలో నాలుగో అంతస్తు. బాల్కనీలో గంటన్నర ఎండ పడుతుంది, అదీ ఎదుటి అపార్టుమెంటు దయతలిస్తే. హాల్లోకి మాత్రం గాజుతలుపులోంచి వెలుగు బాగానే వస్తుంది. ఆ వెలుగులో తొట్టె పెట్టి నిశ్చింతగా వున్నాను. నాలుగు నెలలు గడిచాక ఒకరోజు స్నానం చేయిస్తూ వుంటే, డిప్ప అంచు నా వేలికింద పచ్చికొబ్బరి ముక్కలా వంగింది. ఈపాటికి గట్టిపడి వుండవలసిన డిప్ప! దానికితోడు ముక్కులోంచి చిన్న చిన్న నీటి బుడగలు.

పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తాం. ఆయన తలకాయ ఊపుతూ, "ఎక్కడ పెట్టారు?" అన్నాడు. ఎండలోనే అన్నాను. "గాజు వెనకాలా?" అన్నాడు. అద్దంలోంచి వెలుగొస్తుంది, వేడొస్తుందిట. ఎముక గట్టిపడటానికి కావలసిన అతినీలలోహిత కిరణం మాత్రం రాదుట. ఆ కిరణం తగలకపోతే ఒంట్లో విటమిన్ డి తయారు కాదు, అది లేకపోతే ఎంత సున్నం తిన్నా ఒంటపట్టదు. తాబేలు డిప్ప మనం చొక్కా వేసుకున్నట్టు పైన తగిలించుకున్నది కాదు. దాని వెన్నెముకా, పక్కటెముకలూ అందులోనే అతికి వుంటాయి. డిప్ప మెత్తబడిందంటే ఎముకలన్నీ మెత్తబడినట్టే. ఇక ముక్కులో బుడగలు ఏసీ చలవ. వేసవిలో పిల్ల ఎండకి మాడిపోతుందేమోనని మా పడగ్గదిలో ఏసీ కింద పెట్టాను. అంత ప్రేమ!

దానికోసం ప్రత్యేకమైన దీపాలు అమ్ముతారు. అవి కొన్నాం. ఆ దీపం కథ కూడా విచిత్రమే. బల్బు నిక్షేపంగా వెలుగుతూనే వుంటుంది గాని, అందులో వుండాల్సిన కిరణం కొన్ని నెలలకే తగ్గిపోతుంది. కంటికి తెలీదు. అలా మారుస్తూ వుండాలి. ఎన్నాళ్ళు? ముప్ఫై ఏళ్ళో, యాభై ఏళ్ళో, ఇంకా ఎక్కువో. నక్షత్ర తాబేలు ఆయుర్దాయం అది. మన నెహ్రూ జూపార్కులో గలాపగస్ దీవుల మహా తాబేలు ఒకటి వుండేది, గుర్తుందా? 1963లో పబ్లిక్ గార్డెన్స్ నుంచి అక్కడికి తెచ్చారు. 2024 మార్చిలో పోయింది. జూ వాళ్ళ లెక్కన నూటపాతికేళ్ళు. అది వేరే జాతి, దాని పొడుగూ వెడల్పూ వేరు. కానీ తాబేలు అనే ప్రాణి కాలాన్ని ఏ కొలతతో కొలుచుకుంటుందో చూడండి. మా అమ్మాయి పెళ్ళి చేసుకుని వెళ్ళిపోతుంది. మేం రాలిపోతాం. ఈ నిమ్మకాయంత పిల్లని ఎవరికి రాసివ్వాలి? వీలునామాలో బంగారం కోసం కొట్టుకునే వాళ్ళని చూశాను గాని, తాబేలు నాకంటే నాకని కొట్టుకున్న వారసుల్ని చూడలేదు.

డాక్టరు మందులు రాసి, తలుపు దగ్గరగా వేసి, చిన్నగా ఇంకో మాట చెప్పాడు. "అమ్మా, అసలు ఇది మీ ఇంట్లో వుండకూడదు. తెలుసా?"

తెలీదు. నిజంగా తెలీదు. ఇంటికొచ్చి చదువుకున్నాను. 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టంలో నక్షత్ర తాబేలుకి ముందునుంచే రక్షణ వుంది. 2022లో ఆ చట్టాన్ని సవరించి, 2023 ఏప్రిల్ 1 నుంచి దాన్ని మొదటి షెడ్యూలులోకి ఎక్కించారు. పులి వున్న షెడ్యూలు అది! పట్టినా, అమ్మినా, కొన్నా, ఇంట్లో వుంచుకున్నా నేరమే. మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా జైలు, పాతికవేలకి తక్కువ కాకుండా జరిమానా. ఇటు మన దేశంలో ఇలా వుంటే, అటు 2019లో జెనీవాలో ప్రపంచ దేశాలన్నీ కూర్చుని, దాని అంతర్జాతీయ వ్యాపారాన్ని పూర్తిగా కట్టిపెట్టే జాబితాలో చేర్చాయి. ఇవేమీ తెలియని నేను, హాల్లో ఉత్తరం దిక్కున పులి పిల్లంత నేరాన్ని పెట్టుకుని, వచ్చినవాళ్ళకల్లా కాఫీ ఇచ్చి మరీ చూపిస్తున్నాను.

"ఇవి అడవివి కాదండీ, ఫారంలో పుట్టించినవి" అని అమ్మేవాడు చెప్పాడట మా వదినతో. ఇలాంటి మాటలు మనం ఎంత ఇష్టంగా నమ్ముతామో! చీరల కొట్లో "ఇది ఒక్కటే పీసమ్మా" అంటే నమ్మనివాళ్ళం, ఇది మాత్రం నమ్మేస్తాం. నమ్మితే మనసుకి హాయి కనక. 2015లో కొందరు పరిశోధకులు లెక్క తీశారు. మన దేశంలో ఒకే ఒక్క వ్యాపార కేంద్రం నుంచి, ఒకే ఒక్క ఏడాదిలో, కనీసం 55,000 నక్షత్ర తాబేళ్ళని అడవినుంచి పట్టి తరలించారని తేలింది. కాళ్ళూ తలా బయటికి రాకుండా టేపు చుట్టి, గుడ్డల్లో మూటగట్టి, సూట్‌కేసుల్లో పేర్చి విమానాలెక్కిస్తారు. బాంకాక్‌లాంటి చోట్ల విమానాశ్రయాల్లో పట్టుబడ్డ సూట్‌కేసులు ఎన్నో. పట్టుబడనివి ఎన్నో మరి! ఆడతాబేలు గుడ్లు పెట్టే వయసుకి రావడానికే సుమారు పదేళ్ళు పడుతుంది. పెట్టేవి కాసిని గుడ్లు. ఆ గుడ్లు పిల్లలు కావడానికి నెలలు. ఆ పిల్లల్లో నక్కకీ గద్దకీ పోగా మిగిలేవి ఎన్ని? అందులో ఒకటి మా స్వీటు డబ్బాలోకి వచ్చిందన్నమాట. మా వదిన ఇచ్చిన ఆరొందలు, వెయ్యి రూపాయలు ఇంకో పిల్లని పట్టడానికి ఇచ్చిన బయానా.

ఇది చెబితే మా వదిన ఏమంది? "శ్రీకూర్మంలో స్వామి గుళ్ళో తాబేళ్ళని పెంచట్లా?" అంది. నిజమే. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మంలో కూర్మనాథస్వామి ఆలయం వుంది. అక్కడ నక్షత్ర తాబేళ్ళని చూసుకుంటారు, భక్తులు తెచ్చి వదిలిపెడుతూ వుంటారు కూడా. కానీ వదినా, గుళ్ళో ఏనుగు కూడా వుంటుంది. అలాగని ఏనుగుని తెచ్చి మన లిఫ్టు పక్కన కట్టుకుంటామా? పాలసముద్రం చిలికినప్పుడు స్వామి మందర పర్వతాన్ని వీపున మోశాడు. లోకం కోసం మోశాడు. మన హాల్లో తాబేలు మన వీసాలూ, ప్రమోషన్లూ, పిల్లల పెళ్ళిళ్ళూ మోయాలి. ఆ కాస్త పచ్చికొబ్బరి డిప్ప మీద!

అదృష్టమే కావాలంటే ఇత్తడి తాబేలు దొరుకుతుంది. పళ్ళెంలో నీళ్ళు పోసి పెట్టుకోండి. నాకేం అభ్యంతరం లేదు. దానికి ఎండ అక్కర్లేదు, గరిక అక్కర్లేదు, చింతపండుతో తోమితే తళతళలాడుతుంది. వాస్తుకి ప్రాణం ఎందుకు కావలసివచ్చిందో నాకు ఎంత ఆలోచించినా బోధపడలేదు.

"పిల్లలకి జీవకారుణ్యం అలవడుతుంది" అనేది ఇంకో వాదన. ఇది చదువుకున్న తల్లులు చెప్పేది. మా అమ్మాయికి అలవడింది చెబుతాను. మొదటి పదిరోజులూ దానితోనే కూర్చుంది. తర్వాత రోజూ కాస్సేపు. తర్వాత స్నేహితులు వచ్చినప్పుడు చూపించడానికి. తర్వాత "అమ్మా, దాన్ని చూశావా?" అని నన్ను అడగడం. పిల్లదాని తప్పేం లేదు. తాబేలు ఆడదు, పరుగెత్తదు, తోకాడించదు, ఎత్తుకుంటే మురిసిపోదు సరికదా, నేలకి దూరమైందని భయపడుతుంది. కుక్క అయితే మనిషి తోడు కోసం వేల ఏళ్ళుగా మనతో నడిచొచ్చింది. తాబేలుకి మన తోడుతో పనిలేదు. ఇష్టం లేనివాణ్ణి ఇంట్లో కూర్చోబెట్టి, బలవంతాన మర్యాదలు చెయ్యడాన్ని కారుణ్యం అంటారా?

అదీగాక జబ్బు సంగతి ఒకటి వుంది. తాబేళ్ళ ఒంటి మీద, పేడలో సాల్మొనెల్లా అనే క్రిమి వుంటుంది. దానికేం కాదు, మన పిల్లలకి వాంతులూ విరేచనాలూ. పిల్లలు తాబేలు పిల్లని నోట్లో పెట్టుకోవడం, పట్టుకున్న చేతుల్తోనే బిస్కట్లు తినడం వల్ల జబ్బు పడుతున్నారని, అమెరికావాళ్ళు 1975లోనే నాలుగంగుళాల లోపు డిప్ప వున్న తాబేళ్ళ అమ్మకాన్ని నిషేధించారు. వాళ్ళ వీసా కోసం మనం పెట్టుకునే తాబేలుని వాళ్ళే తమ పిల్లల చేతికి ఇవ్వొద్దన్నారు!

ఆ అమెరికా మాట వచ్చింది కాబట్టి రంగుచేపల దుకాణాల్లో అమ్మే ఆకుపచ్చ పిల్ల తాబేళ్ళ గురించి కూడా చెప్పాలి. చెవి దగ్గర ఎర్రటి గీత వుంటుంది. రూపాయి బిళ్ళకంటే కొంచెం పెద్దది, ఎంతో నాజూకు. "ఇది చట్టానికి ఇబ్బంది లేనిదండీ, ఇలాగే చిన్నగా వుంటుంది" అంటారు. ఇది మన దేశపు తాబేలే కాదు, ఉత్తర అమెరికాది. చిన్నగా వుండదు. కొన్నేళ్ళలో భోజనం పళ్ళెమంత అవుతుంది, తొట్టి పట్టదు, రోజూ నీళ్ళు మార్చకపోతే గదంతా కంపు. అప్పుడు ఇంటివాళ్ళు ఏం చేస్తారు? ఒక ఆదివారం సాయంత్రం ఏ చెరువులోనో, ఏ కోవెల కోనేట్లోనో వదిలేసి, దణ్ణం పెట్టుకుని వస్తారు. పుణ్యం వచ్చిందనుకుంటారు. అది అక్కడ మన తాబేళ్ళ తిండి తిని, అవి ఎండ కాచుకునే రాళ్ళెక్కి కూర్చుంటుంది. ప్రపంచంలో అతిగా చెడుపు చేసిన నూరు పరదేశపు జీవాల జాబితా ఒకటి వుంది. అందులో దీని పేరుంది.

ఇవన్నీ ఒక ఎత్తు. నాకు అసలు మంట ఎక్కడంటే, తాబేలుని పొగిడే మాటల్లో. "ఎంత బుద్ధిమంతురాలో! నోరెత్తదు. ఎక్కడ పెడితే అక్కడే వుంటుంది. ఏది పెడితే అదే తింటుంది." ఈ మాటలు ఎక్కడో విన్నట్టు లేదూ? నాకు పెళ్ళయిన కొత్తలో మా అత్తవారి బంధువులు నా గురించి చెప్పుకుని మెచ్చుకున్న మాటలు అక్షరాలా ఇవే. సర్దుకుపోతోంది కాబట్టి సుఖంగా వుందని వాళ్ళ లెక్క. చిన్నప్పుడు పంచతంత్రం చెప్పారు మనకి. హంసలు కర్రపుల్ల పట్టుకుని ఎగిరితే, మధ్యలో పుల్ల కరుచుకున్న తాబేలు నోరు తెరిచి కింద పడి చచ్చింది. నీతి: నోరు మూసుకో. ఆడపిల్లలకి ఆ కథ ఎన్నిసార్లు చెప్పారో! నోరు మూసుకున్న తాబేలు ఏమైందో నేను కళ్ళారా చూశాను. ఎముకలు మెత్తబడే దాకా ఒక్కమాట అనలేదు. కుక్కయితే అరిచేది, పిల్లి గీకేది, చిలక గోల పెట్టేది. ఇది ఆకలిగా వున్నా, చలిగా వున్నా, ఒళ్ళు గుల్లవుతున్నా ఒక్కలాగే వుంది. అది వూరుకున్న కొద్దీ మేం బాగా చూస్తున్నామనుకున్నాం.

నోరెత్తలేదన్నానా? ఒక్కసారి మాత్రం ఎత్తింది, దాని పద్ధతిలో.

జూన్‌లో తొలివాన పడిన సాయంత్రం. పంజగుట్ట ఫ్లైఓవర్ మీద బళ్ళన్నీ ఆగిపోయి హారన్లు మోగిస్తున్నాయి. మెట్రో రైలు వానలో తడుస్తూ అమీర్‌పేట వైపు వెళ్ళిపోతోంది. మట్టివాసన నాలుగో అంతస్తు దాకా వచ్చింది. తొట్టిలో ఎప్పుడూ మూల నక్కి వుండే ఆ పిల్ల హఠాత్తుగా లేచింది. బయటికి తీసి నేలమీద పెడితే, నున్నటి మార్బుల్ మీద కాళ్ళు జారిపోతున్నా ఆగకుండా బాల్కనీ గాజుతలుపు దగ్గరికి వెళ్ళింది. అద్దానికి ముఖం ఆనించి, ముందుకాళ్ళతో గీకడం మొదలెట్టింది. ఈ చివరినుంచి ఆ చివరికి, మళ్ళీ ఆ చివరినుంచి ఈ చివరికి. గంట, గంటన్నర. అద్దం అనేది ఒకటుంటుందని దానికి తెలీదు. కనపడేదల్లా వాన. పాలబుట్ట తీసుకొచ్చిన వాచ్‌మన్ నిలబడి చూశాడు. "వాన వాసన తగిలిందమ్మా దానికి. మా పక్క ఇప్పుడన్నీ బయటికొచ్చుంటాయి" అన్నాడు. అని, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. అతను కూడా ఆ వూరు వదిలి ఎన్నేళ్ళయిందో నేనెప్పుడూ అడగలేదు.

ఆ రాత్రి మావారితో చెప్పాను, దీన్ని ఇచ్చేద్దామని. ఆయన ససేమిరా అన్నారు. చట్టమంటే భయం ఒకటి, అక్కయ్య ఏమనుకుంటుందోనని అంతకు పదింతల భయం ఇంకొకటి. "వికారాబాద్ వైపు కారులో వెళ్ళి అడవిలో వదిలేస్తే సరి, ఎవరికీ తెలీదు" అన్నారు. చాలామంది చేసేది ఇదే. ఇది కూడా తప్పే. అది ఎక్కడ పుట్టిందో తెలీదు. మన ఇంట్లో దానికి ఏ జబ్బు అంటుకుందో తెలీదు. మెత్తటి డిప్పతో వున్నదాన్ని కొత్తచోట వదిలితే మొదటి కుక్కకే ఫలహారం. జబ్బుందా అంటే అక్కడి వాటికి కూడా అంటిస్తుంది. 2018లో సింగపూరులో దొరికిన 51 నక్షత్ర తాబేళ్ళని విమానంలో కర్ణాటకకి తిరిగి పంపించారు. సర్కార్లూ, సంస్థలూ, పశువైద్యులూ కలిస్తే అయిన పని అది. కారు డిక్కీలో పెట్టుకెళ్ళి అయ్యే పని కాదు.

అప్పగించడానికి నాకు ధైర్యం రావడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. ఈ నాలుగు నెలల సంగతి రాయడానికి సిగ్గుగానే వుంది. రోజూ బాల్కనీలో ఆ గంటన్నర ఎండలో, సగం నీడ వుండేలా తొట్టి పెట్టి కూర్చున్నాను. మార్బుల్ మీద కాకుండా మట్టీ, కొబ్బరిపీచు పొట్టూ పరిచాను. ఒక మూల చిరిగిన కుండ బోర్లించి దాక్కోవడానికి గూడు చేశాను. గడ్డం దాకా మాత్రమే వచ్చేలా పళ్ళెంలో గోరువెచ్చటి నీళ్ళు పోసి, పక్కనే కూర్చుని ఓ పావుగంట నాననిచ్చాను. డిప్ప మరీ పొడిగా వుంటే ఒక్కొక్క పలకా గోపురంలా లేస్తుందని డాక్టరు చెప్పాడు. అడవిలో పెరిగిన వాటికీ కొంచెం ఎత్తుపల్లాలుంటాయి గాని, ఇళ్ళలో పెరిగిన వాటికి మరీ కొండలు లేస్తాయట. అదే అందమని ఫొటోలు తీసుకునేవాళ్ళున్నారు! ఇప్పటికే ఒక పిల్ల మీ ఇంట్లో వుంటే, అప్పగించేదాకా ఇంతమాత్రం చెయ్యండి. పట్టుకున్న ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కోండి. అంతే గాని, "ఇన్ని తెలుసుకున్నాం కదా, ఇక పెంచేద్దాం" అనుకోకండి. నేను రోజుకి మూడుగంటలు దానికే ఇచ్చాను. నవల ఒకటి మధ్యలో ఆగిపోయింది. అయినా నేనిచ్చింది గంటన్నర ఎండ. దానికి రావలసింది ఒక గుట్ట.

కార్తీకమాసంలో అటవీశాఖ వాళ్ళకి అప్పగించాం. తెలియక తెచ్చుకున్నామని కాగితం రాసిచ్చాం. నా చెయ్యి వణికింది. ఆ కాగితంలో "ఎలా వచ్చింది" అని ఒక ప్రశ్న వచ్చింది. గాలికి కొట్టుకొచ్చిందని రాయలేను కదా! కొని బహుమతిగా ఇచ్చారని రాశాను. ఎవరని అడిగితే మావారు నా మొహం చూశారు. నేను చెప్పాను.

అంతే. మా వదిన సంక్రాంతికి రాలేదు. నేను ఇంటికొచ్చిన లక్ష్మిని పోలీసుల్లాంటి వాళ్ళకి పట్టించి, పైగా ఆడపడుచుని కూడా పట్టించబోయానని చుట్టాల్లో ప్రచారమైంది. ఆవిడకి ఏమీ కాలేదు. అయినా కోపం కోపమే. ఫోను చేస్తే ఎత్తలేదు. పండక్కి పెట్టే చీర కొరియర్‌లో పంపిస్తే తిరిగొచ్చింది. మా అత్తగారు పది రోజులు నాతో ముభావంగా వున్నారు. ఇదంతా తెలిసే చేశాను కాబట్టి ఏడవడానికి కూడా వీల్లేదు. ఆ వాన సాయంత్రం చూడకపోతే చేసేదాన్ని కాదేమో.

ఉగాది నాడు ఫోను మోగింది. వదినే!

"ఏమే, అది వెళ్ళిపోయాక మీకేం కష్టాలు రాలేదు కదా?" అంది. గొంతులో కోపం వుంది, కానీ నిజంగానే భయం కూడా వుంది.

"ఏమీ రాలేదు వదినా. పచ్చడి చేస్తుంటే గ్యాసు అయిపోయింది, అంతే" అన్నాను.

కాస్సేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "మా ఎదురింటివాళ్ళది నాలుగు రోజుల్నించి తినడం లేదే. కళ్ళు వాచిపోయాయి. ఆ డాక్టరు నంబరు ఒకసారి చెప్పు" అంది.

నంబరు చెప్పాను. అటవీశాఖ వాళ్ళది కూడా చెప్పాను. రెండూ రాసుకుంది.